కత్తి పెట్టేముందు మొక్క వయసు లెక్కపెట్టండి

మేడ మీద తోట – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ముళ్ల మొక్కల గురించే. నాలుగింటిలోనూ అడిగింది ఒకటే: కత్తిరించవచ్చా? ముప్పై ఒక్క ఏళ్లు ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పాను. అంతకంటే ఎక్కువ కాలంగా నెల్లూరు మూలాపేటలో మా మేడ మీద కాక్టస్‌లు పెంచుతున్నాను. ఈ ప్రశ్న ఎప్పుడు చదివినా నాకు కాస్త టెన్షన్‌గానే ఉంటుంది. మల్లెకో నిమ్మకో కత్తెర తప్పుగా పడితే మరుసటి ఏడాదికల్లా సర్దుకుంటుంది. నిదానంగా పెరిగే కాక్టస్‌కు కత్తి తప్పుగా పడితే పదేళ్ల పెరుగుదల పోతుంది. అందుకే మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు తీసుకున్నాను. మిగతా ముగ్గురూ ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మాది కావలి. మా నాయన రైల్వేలో పనిచేసేవారు. 2004లో అరచేతిలో పట్టేంత కాక్టస్ ఒకటి తెచ్చి మేడ మీద పెట్టారు. ఒళ్లంతా తెల్లటి వెంట్రుకలు. మా పిల్లలు దాన్ని ‘తాతయ్య చెట్టు’ అంటారు. నాయన 2022లో పోయారు. ఆ తర్వాత పైకెళ్లి చూసేవాళ్లు లేక కిందికి దించి వరండా మూలన పెట్టాం. ఇప్పుడు టేపు పెట్టి కొలిస్తే మూడడుగులు ఉంది. పై జానెడు మాత్రం సన్నబడి, వెంట్రుకలు పలచబడి, గ్రిల్లు వైపు వంగింది. అడుగున చర్మం గోధుమ రంగుకు మారి బెరడులా ఉంది. అది కుళ్లేనని మా వారు అంటున్నారు. మా అత్తగారిది పొదలకూరు, నిమ్మతోటలు ఉన్నాయి. నిమ్మకు చేసినట్టు తల కొట్టేస్తే గుబురుగా వస్తుందని మా మామయ్య అంటారు. ముళ్ల మొక్క ఇంట్లో ఉండకూడదు, తీసెయ్యమని ఇంకొందరు. దాన్ని చూస్తే నాకు మా నాయన గుర్తొస్తారు. కత్తిరించమంటారా? కార్తీక మాసం లోపే చెయ్యమంటారా?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: అమ్మా, మీ ఫొటోలు పెద్దవి చేసి రెండు మూడుసార్లు చూశాను. కత్తిరించాల్సిన మొక్కే. కార్తీకంలో మాత్రం వద్దు.

ముందు ఒక చిన్న లెక్క వేద్దాం. 2004లో అరచేయంత అంటే నాలుగంగుళాలు అనుకుందాం. ఇప్పుడు ముప్పై ఆరు. అందులో పై జానెడు, అంటే తొమ్మిదంగుళాలు, వరండాలోకి వచ్చాక ఈ మూడేళ్లలో పెరిగింది. మిగిలిన ఇరవై మూడు అంగుళాలకు పద్దెనిమిదేళ్లు పట్టింది. మీ నాయన చేతిలో ఏడాదికి అంగుళంన్నర కూడా పెరగని మొక్క వరండాలో ఏడాదికి మూడంగుళాలు పెరిగింది. ఇది చూసి మొక్క ఏపుగా ఉందని చాలామంది సంతోషిస్తారు. అది ఏపు కాదమ్మా. వెలుతురు చాలక, అది ఎటునుంచి వస్తుంటే అటు సాగిపోవడం. ఆ జానెడులో బలం లేదు. ఇప్పుడు ఎండలో పెట్టినా పైన కొత్తగా వచ్చే భాగం లావవుతుంది గానీ, సన్నబడ్డ మెడ సన్నగానే ఉండిపోతుంది. దాని మీద బరువైన తల తయారైతే ఏ తుపాను గాలికో ఆ మెడ దగ్గరే విరుగుతుంది. మిమ్మల్ని కత్తిరించమనడానికి కారణం ఇదొక్కటే. గుబురు కోసమైతే వద్దనే చెప్పేదాన్ని.

మీ మొక్క పేరు సెఫాలోసీరియస్ సెనిలిస్. సెనిలిస్ అంటే లాటిన్‌లో ముసలితనానికి సంబంధించినదని. మీ పిల్లలు పెట్టిన పేరు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరుకు అంత దగ్గరగా ఉండటం చూసి నాకు ముచ్చటేసింది. దీని సొంతూరు మెక్సికోలోని ఇదాల్గో, వెరక్రూజ్ ప్రాంతాల సున్నపురాతి కొండవాలులు. అక్కడ ముప్పై నలభై అడుగుల దాకా పెరిగేవి ఉన్నాయి. ఆ తెల్ల వెంట్రుకలు ముళ్లలోనే ఒక రకం. ఎండ తీవ్రతను, రాత్రి చలిని ఆపడానికి మొక్క కప్పుకున్న దుప్పటి అది. వెలుతురు తగ్గితే వెంట్రుకలూ పలచబడతాయి, మీ ఫొటోలో కనిపిస్తున్నది అదే. మెత్తగా ఉన్నాయని చేత్తో నిమరకండి, వాటి కింద పసుపు రంగు సూది ముళ్లు దాక్కుని ఉంటాయి.

ఇక మీ మామయ్యగారి మాట. నిమ్మ గురించి పొదలకూరు రైతుకు నేను చెప్పగలిగిందేమీ లేదు. నిమ్మకు ఆయన చెప్పింది నూటికి నూరు పాళ్లూ నిజం. నిమ్మలో ప్రతి ఆకు మొదట్లోనూ ఒక మొగ్గ ఉంటుంది. ఒక కొమ్మ తీసేసినా మిగతా కొమ్మల ఆకులన్నీ ఉండి చెట్టుకు అన్నం వండిపెడుతుంటాయి. కాక్టస్‌కు ఆకులే లేవు. ఆ ఆకుపచ్చ కాండమే దాని ఆకు. మూడడుగుల మొక్కలో అడుగు నరికితే మూడో వంతు ఆకులు దూసేసినట్టే. పైగా అది వంట చేసుకునే పద్ధతి వేరు. పగటి ఎండలో నీరు ఆవిరైపోకుండా చర్మం మీది రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక తెరిచి గాలి పీల్చుకుంటుంది. నీటి పొదుపు కోసం వేగాన్ని వదులుకున్న మొక్క. దాని గాయం ఆరడానికీ, కొత్త పిలక రావడానికీ కూడా అంతే నిదానం.

ఇంకో సంగతి. కాండం కొనలో ఉండే పెరిగే భాగం కొబ్బరికి మొవ్వు లాంటిది. కొబ్బరి మొవ్వు పోతే చెట్టే పోతుంది. కాక్టస్‌కు అంత ప్రమాదం లేదు. ముళ్లు పుట్టే ప్రతి బుడిపెలోనూ నిద్రపోతున్న మొగ్గ ఒకటి ఉంటుంది. కొన పోయాక కోతకు దగ్గరలోని బుడిపెల నుంచి పిలకలు వస్తాయి. కోసిన చోట మాత్రం మధ్యలోంచి ఇక ఎప్పటికీ పెరగదు. ఆ బల్లపరుపు మచ్చ మొక్క ఉన్నంత కాలం ఉంటుంది. ఇది ముందే తెలిసి చేస్తే తర్వాత బాధ ఉండదు.

మీ వారి అనుమానం తీర్చడం తేలిక. ఉదయగిరి చెక్క గరిటె ఉంటే దాని కాడతో అడుగు భాగాన్ని మెల్లగా నొక్కండి. గట్టిగా, ఎండు చెక్కలా తగిలితే అది వయసుతో వచ్చే బెరడు. కింది నుంచి మొదలై, ఏళ్లు గడిచేకొద్దీ నెమ్మదిగా పైకి పాకుతుంది. ఇరవై ఏళ్ల మొక్కకు అది లేకపోతేనే ఆశ్చర్యపడాలి. కాడ లోపలికి దిగితే, నీరు ఊరితే, వాసన వస్తే అది కుళ్లు. ఫొటోలో చూసినంతవరకు మీది బెరడే. అయినా నొక్కి చూసి నిర్ధారించుకోండి. అడుగున కుళ్లుంటే పైన చేసే పని ఏదీ నిలవదు.

కార్తీకంలో ఎందుకు వద్దంటున్నానో ఇప్పుడు చెబుతాను. వసంతంలోనో వేసవి మొదట్లోనో కోయమని కాక్టస్ పుస్తకాల్లో ఉంటుంది. అవి ఎక్కువగా చలిదేశాల వాళ్లు తమ ఊళ్లు చూసుకుని రాసినవి. మనకు కాలెండరు కంటే వాన ముఖ్యం. నెల్లూరు జిల్లాకు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లోనే పడుతుంది. గోదావరి జిల్లాల వాళ్లకు వాన వెళ్లిపోయే కాలంలో మనకు అసలు వాన మొదలవుతుంది. కోసిన కాక్టస్‌కు నీళ్లంటే విషమే. లోపలి కండ అంతా నీరూ బంకా. పక్కు కట్టకముందే వాన చుక్క తగిలితే బూజు దిగుతుంది, దిగితే ఆగదు.

నేను ఈ తప్పు చేశాను. 2015 అక్టోబరు చివర్లో వాతావరణం చల్లబడింది కదా, మొక్కకు ఎండదెబ్బ ఉండదు కదా అనుకుని, పద్నాలుగేళ్లుగా పెంచిన నిలువు కాక్టస్ తల కోశాను. ఆ నవంబరు వానలు నెల్లూరులో ఎవరూ మరిచిపోలేదు. మూడో రోజుకు కుండీని మెట్ల కిందికి మార్చాను, కానీ గాలిలో తడి అక్కడా ఉంది. వారానికి కోత దగ్గర మెత్తబడింది. ఇంకో రెండంగుళాలు కోశాను. లోపల గుండ్రంగా ఉండే నాళాల వలయం నారింజ రంగులో ఉంది. అంటే కుళ్లు నా కత్తి కంటే ముందే కిందికి వెళ్లిపోయింది. మళ్లీ కోశాను, మళ్లీ అదే రంగు. అలా ఆరుసార్లు. కరెంటు లేని రాత్రి టార్చి పట్టుకుని మా వారు నిలబడితే చివరి ముక్క కోశాను. మట్టి పైన రెండంగుళాల మొద్దు దగ్గర తెల్లటి కండ కనబడింది. ఆ మొద్దుకు మరుసటి జూలైలో ఒక పిలక వచ్చింది. దాని ఎత్తు ఇప్పుడు పద్నాలుగు అంగుళాలు. నేను పోగొట్టుకున్నది నాలుగడుగులు.

అందుకని మీరు ఆగాల్సింది రథసప్తమి దాకా. అప్పటికి వానలు పూర్తిగా పోతాయి, మంచు తగ్గుతుంది, ఎండ మెల్లగా ముదురుతుంది. రథసప్తమికీ ఉగాదికీ మధ్య ఎప్పుడైనా చెయ్యవచ్చు. ఉగాది దాటితే వద్దు. గాయంతో ఉన్న మొక్క రోహిణి కార్తె ఎండలోకి వెళ్లకూడదు.

ఈలోగా ఖాళీగా కూర్చోనక్కర్లేదు. మొక్కను వరండాలో తూర్పు ఎండ తగిలే చోటికి జరపండి. ఒక్కసారిగా మేడ మీద పెట్టవద్దు. మూడేళ్లు నీడలో ఉన్న చర్మం నడినెత్తి ఎండకు కాలి, పాలిపోయిన మచ్చలు పడుతుంది. అవి మళ్లీ పచ్చబడవు. పొద్దుటి ఎండ రెండు వారాలు అలవాటయ్యాక ఇంకో గంట పెంచండి. వంగిన భాగానికి వెదురుబద్ద ఆసరా ఇచ్చి, పాత నూలు చీర పీలికతో వదులుగా కట్టండి, ప్లాస్టిక్ తాడు వద్దు. వానాకాలమంతా నీళ్లు పోయవద్దు. సంక్రాంతి తర్వాత కూడా, కోతకు ముందు మూడు నాలుగు వారాలు మట్టి పూర్తిగా ఎండి ఉండాలి. దాహంతో ఉన్న కండకే పక్కు త్వరగా కడుతుంది.

కోత రోజు పొద్దున్నే మొదలుపెట్టండి. మీది ముదురు కాండం కాబట్టి లోపల చెక్కలాంటి భాగం ఉండవచ్చు, కూరగాయల కత్తి మధ్యలో ఆగిపోతే కండ నలిగిపోతుంది. కొత్త హాక్సా బ్లేడు కొనుక్కోండి, పదునైన పొడవాటి కత్తి ఉంటే ఇంకా మంచిది. సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. పాత గోతం పట్టా నాలుగు మడతలు పెట్టి పై భాగానికి చుట్టి ఒకరు పట్టుకోవాలి, ఇంకొకరు కోయాలి. ఇది ఒక్కరి పని కాదు.

ఎక్కడ కోయాలన్నదే అసలు ప్రశ్న. సన్నబడటం మొదలైన చోట కాదు, దానికి ఒక అంగుళం కింద, నిండుగా ఉన్న భాగంలో. ఒక అంగుళమంటే మీ నాయన కాలపు పెరుగుదలలో దాదాపు ఏడాది. దానికి మించి ఒక్క వేలు కూడా కిందికి దిగవద్దు. కోత పెంకుటింటి కప్పులా కొద్దిగా వాలుగా ఉండాలి, నీరు నిలవకూడదు. కోసిన వెంటనే లోపలి వలయం చూడండి. తెలుపో లేత ఆకుపచ్చో అయితే సరే. గోధుమ, నారింజ రంగు కనిపిస్తే శుభ్రమైన కండ వచ్చేదాకా కోయాలి, ప్రతి కోతకూ ముందు బ్లేడు మళ్లీ స్పిరిట్‌తో తుడవాలి. తుడవకపోతే రోగాన్ని మనమే కిందికి మోసుకెళ్తాం.

గాయం మీద గంధకం పొడి పలచగా చల్లండి. అది లేకపోతే దాల్చినచెక్క పొడి. మునగ కొమ్మ కొనకు పేడ పెట్టే అలవాటు మన ఊళ్లలో ఉంది. దయచేసి దీనికి పేడ, తడి మట్టి, పసుపు ముద్ద ఏవీ పెట్టవద్దు. ప్లాస్టిక్ కవరు కట్టవద్దు. గాలి తగలడమే మందు. రెండు వారాలు వాన, మంచు, మధ్యాహ్నపు ఎండ తగలని చోట ఉంచి, కోత మీద గట్టి పక్కు కట్టాక మళ్లీ వెలుతురులోకి తెండి. నీళ్లు అప్పుడే, అదీ ఒక గ్లాసు.

తీసేసిన ముక్కను పారేయవద్దు. సన్నగా ఉన్న మెడ భాగాన్ని తీసేసి పై నాలుగైదు అంగుళాలు ఉంచుకోండి. కింది అంచుల్ని పెన్సిలు చెక్కినట్టు చుట్టూ కొద్దిగా వాలుగా చెక్కండి, వేర్లు మధ్య వలయం నుంచి వస్తాయి కాబట్టి అది కాస్త ముందుకు ఉంటే మంచిది. మధ్య ముక్కను కూడా నాటాలనుకుంటే ఏది పైవైపో మార్కరుతో బాణం గుర్తు వేయండి, తలకిందులుగా పెడితే వేరు పట్టదు. ముక్కల్ని ఖాళీ గ్లాసుల్లో నిలబెట్టి గాలి ఆడే నీడలో మూడు వారాలు ఆరనివ్వండి. పడుకోబెడితే కొన పైకి తిరిగి వంకరపోతుంది.

తర్వాత చిన్న మట్టి కుండీ. సగం పెన్నా ఇసుక, అదీ జల్లెడలో పైన మిగిలే గరుకు ఇసుక. మిగతా సగంలో ఇటుక ముక్కలు, రైస్ మిల్లులో దొరికే కాల్చిన ఊక, కొద్దిగా మట్టి. మైపాడు వెళ్లినప్పుడు సంచిలో ఇసుక తెచ్చుకునేవాళ్లను చూశాను. సముద్రపు ఇసుకలో ఉప్పుంటుంది, కుండీలకు పనికిరాదు. ముక్కను అంగుళం లోతు నిలబెట్టి, చుట్టూ చీమకుర్తి గ్రానైటు చిప్స్ పేర్చితే పడిపోదు, మెడ దగ్గర తడీ నిలవదు. రెండు మూడు వారాలు చుక్క నీరు వద్దు. వేరు పట్టడానికి మామూలుగా ఒకటి నుంచి మూడు నెలలు, ఈ జాతికి ఇంకా ఎక్కువే పట్టవచ్చు. వేరొచ్చిందా లేదా అని పీకి చూడకండి. రెండు వేళ్లతో కొద్దిగా కదిపితే కదలకుండా పట్టు దొరికిందంటే వచ్చినట్టే.

కింది మొద్దుకు ఇరవై ఏళ్ల వేర్లున్నాయి. దాని సత్తువ ఎక్కువ. ఈ ఏడాదే పిలక రావచ్చు, వచ్చే ఏడాదికి రావచ్చు. రెండు మూడు వస్తే నిమ్మకాయంత అయ్యేదాకా ఆగి, ఒకే స్తంభంలా కావాలంటే కోతకు బాగా దగ్గరగా, బలంగా ఉన్నది ఒకటి ఉంచి మిగతావి మొదట్లో మెలితిప్పి తీయండి. అవీ నాటుకోవచ్చు. నన్నడిగితే రెండు ఉంచమంటాను. మీ పిల్లలకు చెరొకటి.

ముళ్ల మొక్క ఇంట్లో ఉండకూడదనే నమ్మకంతో నేను వాదించను. పెద్దల మనసు కష్టపెట్టనక్కర్లేదు. దాని అసలు చోటు మేడే కదా, అక్కడికే తిరిగి పంపండి. మే నెలలో పైన గ్రీన్ నెట్, వానాకాలంలో పైకప్పు ఉన్న చోటు. వారానికి ఒక్కసారి పైకెళ్లి చూస్తే చాలు. అంతకంటే ఎక్కువ సేవ దానికి అక్కర్లేదు.

ప్రశ్న: నేను ఒంగోలులో డిగ్రీ చదువుతున్నాను. పుట్టినరోజుకు స్నేహితులు ఎర్ర గుండు ఉన్న కాక్టస్ ఇచ్చారు. కింది ఆకుపచ్చ కాండం పక్కల నుంచి కొమ్మలు వస్తున్నాయి. పైన ఎర్రది అసలు పెరగడం లేదు. ఆ కొమ్మలు కత్తిరించాలా మేడం?
– ఒక విద్యార్థిని

జవాబు: వెంటనే కత్తిరించు తల్లీ. దీనికి రథసప్తమి దాకా ఆగనక్కర్లేదు, వాన లేని రోజు చూసుకుంటే చాలు.

నీ దగ్గరున్నది ఒక మొక్క కాదు, అంటు కట్టిన రెండు మొక్కలు. పైన ఎర్రది జిమ్నోకాలిసియం అనే గుండ్రటి కాక్టస్. దానిలో ఆకుపచ్చ రంగు పుట్టనే లేదు. అది లేకపోతే తనంతట తాను అన్నం తయారు చేసుకోలేదు, మొలకగానే చనిపోవాలి. 1940ల్లో జపాన్‌లో ఇలాంటి మొలకల్ని వేరే కాక్టస్ మీద అంటుకట్టి బతికించారు. కింద ఉన్నది డ్రాగన్‌ఫ్రూట్‌కు దగ్గరి చుట్టం. అదే ఇద్దరి కోసమూ వండుతుంది. పక్క కొమ్మలు వస్తే ఆ తిండి వాటికే పోతుంది, ఎర్రది చిక్కిపోతుంది. కొమ్మ పెసరగింజంత ఉన్నప్పుడే స్పిరిట్‌తో తుడిచిన బ్లేడుతో మొదలంటా గీకెయ్. పొడవు పెరగనిస్తే గాయం పెద్దదవుతుంది.

ఎర్రదాన్ని మాత్రం ముట్టుకోవద్దు. మధ్యాహ్నపు ఎండలో కూడా పెట్టవద్దు. ఆకుపచ్చ లేని చర్మం ఇట్టే మాడుతుంది. ఈ జంట ఎక్కువ కాలం బతకదు, కొన్నేళ్లకు కింది కాండం అలసిపోతుంది. అప్పటికి ఎర్రదానికి చిన్న పిల్లలు వచ్చి ఉంటాయి. ఒకటి తీసి, పచ్చి డ్రాగన్‌ఫ్రూట్ కొమ్మను అడ్డంగా కోసి దాని మీద పెట్టి, రెండింటి లోపలి వలయాలు కొంతైనా ఒకదానిమీద ఒకటి వచ్చేలా చూసి, రబ్బరు బ్యాండుతో కుండీకి కలిపి బిగించు. పది రోజులు నీడలో ఉంచాక బ్యాండు తియ్యి. మొదటిసారి పట్టకపోతే ఇంకో పిల్లతో ప్రయత్నించు. నాకు మూడోసారికి పట్టింది.

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. ఇంటి ముందు బొమ్మజెముడు ఆరడుగులు పెరిగింది. కాక్టస్‌లకు చెప్పే పద్ధతిలోనే తల నరకవచ్చా? నిరుడు మా తమ్ముడు కొమ్మ కొడుతుంటే పాలు కంట్లో పడి వారం రోజులు ఇబ్బంది పడ్డాడు.
– ఒక రైతు

జవాబు: అన్నా, మీ తమ్ముడి కన్ను పూర్తిగా బాగైందనే అనుకుంటున్నాను. ఇప్పటికీ మసక ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా కంటి డాక్టరుకు చూపించండి.

బొమ్మజెముడు కాక్టస్ కాదు. చూడటానికి ఒకేలా ఉన్నా రెండింటికీ చుట్టరికం లేదు. కాక్టస్‌ల పుట్టిల్లు అమెరికా ఖండాలు. బొమ్మజెముడు మన నేల మొక్క, మీరు పండించే ఆముదం కుటుంబానికి చెందింది. నీళ్లు లేని చోట బతకడానికి రెండూ వేర్వేరుగా ఒకే దారి పట్టాయి, అంతే. గుర్తుపట్టడం తేలిక: గుచ్చితే పాలు కారేది సాధారణంగా బొమ్మజెముడు జాతి (నాగజెముడు పేరులో జెముడు ఉన్నా అది కాక్టసే). బొమ్మజెముడు ముళ్లు రెండేసి జంటగా ఉంటాయి. కాక్టస్‌లో ముళ్లు దూదిలాంటి చిన్న బుడిపె నుంచి గుత్తిగా వస్తాయి.

నరకవచ్చు. ఇది కాక్టస్ అంత సుకుమారం కాదు, తల కొడితే పక్క కొమ్మలు బాగానే వస్తాయి. ఎండకాలం మొదట్లో కొట్టండి. భయపడాల్సింది మొక్క గురించి కాదు, మీ గురించి. మోటారు సైకిలు నడిపేటప్పుడు పెట్టుకునే కళ్లద్దాలైనా సరే, కళ్లు పూర్తిగా మూసేవి పెట్టుకోండి. ఫుల్ చేతుల చొక్కా వేసుకోండి. గాలికి వీపు పెట్టి నిలబడండి. కొమ్మ తలకంటే ఎత్తులో ఉంటే కింద నిలబడి కొట్టవద్దు, నిచ్చెన వేసుకోండి. పిల్లల్ని, గొడ్లను దూరంగా ఉంచండి. కోసిన చోట నీళ్లు చిలకరిస్తే పాలు గడ్డకట్టి ఆగుతాయి. ఆ చేతులతో కళ్లు తుడుచుకోవద్దు, పని కాగానే సబ్బుతో కడగండి. నరికిన కొమ్మల్ని కాల్చవద్దు, ఆ పొగ కూడా కళ్లకు, గొంతుకు మంచిది కాదు.

పాలు కంట్లో పడితే రుద్దకుండా వెంటనే శుభ్రమైన నీళ్లు ధారగా పోస్తూ పదిహేను, ఇరవై నిమిషాలు కడగాలి. పల్లెల్లో చనుబాలు, ఆముదం వేస్తారు. వద్దు. మొదట మంట కొంచెమే అనిపించి, కొన్ని గంటల తర్వాత నొప్పి, వాపు, మసక పెరుగుతాయి. అందుకే తగ్గిందిలే అనుకోకుండా ఆ రోజే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆ కొమ్మ ముక్క ఒకటి కవర్లో వేసి తీసుకెళ్లి చూపిస్తే డాక్టరుకు పని తేలికవుతుంది.

ప్రశ్న: కుండీలో నాగజెముడు పెంచుతున్నాను. ఆకుల్లా కనిపించే పట్టల మీద తెల్లటి దూది ఉండలు వచ్చాయి. పుల్లతో నలిపితే రక్తంలా ఎర్రగా వచ్చింది. చాలా భయమేసింది. మొక్క మొత్తం నరికెయ్యాలా?
– ఒక గృహిణి, కందుకూరు

జవాబు: భయపడవద్దమ్మా. అది రక్తం కాదు, కోచినీల్ అనే పురుగులో ఉండే రంగు. బట్టలకు, తినే పదార్థాలకు వేసే కార్మైన్ ఎరుపు ఈ జాతి పురుగుల నుంచే తీస్తారు. తెల్ల దూది కింద పురుగు దాక్కుని రసం పీలుస్తుంది. మామూలు పిండినల్లి కూడా తెల్లగానే ఉంటుంది గానీ నలిపితే ఇంత ముదురు ఎరుపు రాదు.

ఈ పురుగుకు మన ప్రాంతంలో పెద్ద చరిత్ర ఉంది. రంగు వ్యాపారం కోసమని 1795లో ఈస్టిండియా కంపెనీ కాలంలో ఒక రకాన్ని మన దేశానికి తెచ్చారు. తీరా అది వాళ్లకు కావలసిన రకం కాదు, రంగుకు పనికిరాలేదు. తర్వాత నాగజెముడు దక్షిణాదిలో పొలాలు, బీళ్లు ఆక్రమించేస్తుంటే, దాన్ని అణచడానికి 1926లో శ్రీలంక నుంచి ఇంకో రకం పురుగును తెచ్చి వదిలారు. అది కొన్నేళ్లలోనే తుప్పల్ని తినేసింది. మా అమ్మమ్మ తన చిన్నప్పుడు ఊరి చుట్టూ కంచెలా ఉన్న నాగజెముడు తెల్లగా బూజు పట్టినట్టయి కూలిపోయిందని చెప్పేది. ఎందుకలా అయిందో ఆమెకు తెలియదు. బోటనీ చదివాక నేను చెబితే చాలాసేపు నా మొహం వంకే చూసింది.

మీ మొక్కకు మొత్తం నరకడం అక్కర్లేదు. బాగా పట్టిన పట్టల్ని మాత్రం అతుకు దగ్గర, పట్ట మధ్యలో కాకుండా, కోసి సబ్బునీళ్ల బకెట్‌లో ముంచి, తర్వాత గోతిలో పూడ్చేయండి. చెత్తలో పడేస్తే పిల్ల పురుగులు గాలికి పక్క మొక్కలకు చేరతాయి. మిగిలిన పట్టల మీద పాత టూత్‌బ్రష్‌ను సబ్బునీళ్లలో ముంచి రుద్ది, పైపు నీళ్లతో గట్టిగా కడగండి. వారానికోసారి నాలుగు వారాలు. నీరు కుండీ మట్టిలోకి దిగకుండా పైన ప్లాస్టిక్ షీటు కప్పండి.

ఈ పని చేసేటప్పుడు పెద్ద ముళ్ల కంటే బుడిపెల్లో ఉండే వెంట్రుకల్లాంటి సన్న ముళ్లతో జాగ్రత్త. గుడ్డ గ్లౌజులు పనికిరావు, వాటిలోంచి దిగుతాయి. పట్టను పట్టుకోవడానికి వంటింటి పటకారు వాడండి. చేతికి దిగితే గోకవద్దు, నోటితో తీయవద్దు. కనిపించిన వాటిని ట్వీజర్‌తో తీసేసి, మిగిలిన చోట తెల్ల ఫెవికాల్ పలచగా రాసి దాని మీద పలచటి గుడ్డ పీలిక వేసి, పూర్తిగా ఆరాక ఒక్కసారిగా లాగండి. ముళ్లు జిగురుతో వచ్చేస్తాయి. ఒకసారికి రాకపోతే మళ్లీ రాయండి. పటకారును సబ్బుతో కడిగి, వెలుతురులో తిప్పి చూసి, సన్న ముల్లు ఒక్కటీ లేదని తేలాకే తిరిగి వంటింట్లో పెట్టండి.